ప్రవేశపత్రంలో ఒక గడి: భారతీయ డాక్యుమెంటరీ, అంతర్జాతీయ చిత్రోత్సవం, సెన్సారు సర్టిఫికెట్

భారతీయ డాక్యుమెంటరీ చరిత్ర ఇంతవరకు ప్రధానంగా చిత్రాల చరిత్రగా, దర్శకుల చరిత్రగా, సంస్థల చరిత్రగా వెలువడింది. చిత్రం పూర్తయిన తరువాత అది ప్రేక్షకుని చేరేలోగా నింపవలసివచ్చే కాగితాలకు ఆ చరిత్రల్లో చెప్పుకోదగిన చోటు దక్కలేదు. కాగితం అప్రధానమైనదని అనుకోవడమే అందుకు కారణం. అయితే డాక్యుమెంటరీ విషయంలో ఈ అభిప్రాయం నిలవదు. కథాచిత్రానికి థియేటరు ఉంది, పంపిణీదారుడు ఉన్నాడు, పోస్టరు ఉంది. డాక్యుమెంటరీకి చాలా కాలంపాటు ఉన్న ద్వారం ఒక్కటే, అది చిత్రోత్సవం. ఆ ద్వారం తెరిపించేది ప్రవేశపత్రం.

ఏ దేశపు చిత్రోత్సవమైనా ప్రవేశపత్రంలో అడిగే వివరాలు ఇంచుమించు ఒకటే. చిత్రం పేరు, నిడివి, భాష, నిర్మాణ సంవత్సరం, నిర్మాత, దర్శకుని పరిచయం, కథాసంగ్రహం, సబ్‌టైటిళ్లు ఉన్నవీ లేనివీ, ఇదివరకు ఎక్కడైనా ప్రదర్శించినదీ లేనిదీ. వీటికి తోడుగా 2003లో ముంబయి అంతర్జాతీయ చిత్రోత్సవం భారతీయ దర్శకులను మాత్రమే మరొక కాగితం అడిగింది. అదే సెన్సారు సర్టిఫికెట్. అదే ఉత్సవానికి వచ్చే విదేశీ చిత్రాలకు ఆ నిబంధన లేదు. ఈ ఒక్క గడి వెనుక ఉన్న చరిత్రను, దాని పర్యవసానాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. స్వదేశంలో జరిగే అంతర్జాతీయ వేదిక స్వదేశీ డాక్యుమెంటరీకి విదేశంకన్నా దూరం కావడానికి దర్శకుల వైఖరికన్నా, ప్రేక్షకుల అభిరుచికన్నా ఈ గడే ఎక్కువ కారణమని చెప్పడానికి తగిన ఆధారాలు ఉన్నాయి.

సమర్పణ

చిత్రోత్సవానికి చిత్రాన్ని పంపడాన్ని తెలుగులో ‘సమర్పించడం’ అంటున్నారు. ఈ మాటకు తెలుగు సినిమాలో ఇంకొక అర్థం స్థిరపడి ఉంది. తెరమీద మొదట కనిపించే ‘సమర్పణ’ అన్న అక్షరాల కింద ఉండే పేరు చిత్రం తీసినవారిది కాదు, చిత్రానికి పెద్దదిక్కుగా నిలిచినవారిది. అక్కడ సమర్పకుడు ఇచ్చేవాడు, ప్రేక్షకుడు పుచ్చుకునేవాడు. చిత్రోత్సవంలో ఈ సంబంధం తలకిందులవుతుంది. సమర్పించేవాడు తీర్పు కోసం నిలబడతాడు. పుచ్చుకునేవాడు కాదనగలడు.

ప్రాచీన తెలుగు సాహిత్యంలోని కృతిసమర్పణతో ఈ వ్యవహారానికి పోలిక లేకపోలేదు. కవి కావ్యాన్ని కృతిభర్తకు అంకితమిచ్చేవాడు. అవతారికలో కృతిభర్త వంశాన్ని వర్ణించి, షష్ఠ్యంతాల్లో అతని గుణగణాలు కీర్తించి, ఆ తరువాతే కథలోకి దిగేవాడు. పోతన భాగవతాన్ని రాజుకు గాక దైవానికి అంకితమిచ్చిన వైనం తెలుగువారికి ఇప్పటికీ తలచుకోదగిన ఘట్టంగా నిలవడానికి కారణం, అక్కడ కవి కృతిభర్తను తానే ఎంచుకోవడం. డాక్యుమెంటరీకి సంబంధించిన చిక్కు కూడా ఇక్కడే ఉంది. భారతదేశంలో దశాబ్దాలపాటు డాక్యుమెంటరీకి నిర్మాత ప్రభుత్వం, పంపిణీదారు ప్రభుత్వం, ఉత్సవ నిర్వాహకుడు ప్రభుత్వం, ప్రదర్శనార్హత నిర్ణయించేదీ ప్రభుత్వమే. స్వతంత్ర దర్శకుడు తన చిత్రాన్ని స్వదేశంలో సమర్పించదలచినప్పుడు కృతిభర్తను ఎంచుకునే వీలు అతనికి లేదు.

ఉత్సవ నిర్వాహకుడు ఎవరు?

భారతదేశంలో చలనచిత్రాల ముందస్తు పరిశీలన 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టంతో మొదలైంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1943లో, వలస ప్రభుత్వం ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియా అనే సంస్థను నెలకొల్పి యుద్ధప్రచార చిత్రాలను తీయించింది. ప్రభుత్వం ఆమోదించిన చిత్రాన్ని ప్రతి ఆటలోనూ ప్రదర్శించి తీరాలని డిఫెన్స్ ఆఫ్ ఇండియా నిబంధనల కింద థియేటర్లను ఆదేశించింది కూడా ఆ సంవత్సరమే. 1946లో ఆ సంస్థ మూతబడింది. స్వాతంత్ర్యానంతరం 1948లో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడినప్పుడు పాత వ్యవస్థలోని ముఖ్యాంశాలు రెండూ కొత్త పేరుతో కొనసాగాయి. ఒకటి ప్రభుత్వమే డాక్యుమెంటరీలు తీయడం. రెండవది థియేటర్లు వాటిని విధిగా, పైగా అద్దె చెల్లించి మరీ, ప్రదర్శించడం. తెలుగుతో సహా పలు భాషల వ్యాఖ్యానాలతో ఈ చిత్రాలు పల్లెటూరి టూరింగ్ టాకీసులదాకా వెళ్లాయి. ఆటకు ఆలస్యంగా వచ్చినవారికి న్యూస్‌రీలే కొంత వెసులుబాటు. తెలుగు ప్రేక్షకునికి డాక్యుమెంటరీ అంటే అసలు సినిమాకు ముందు వచ్చే ప్రభుత్వవాణి అన్న భావన నాటుకుపోవడానికి ఈ నిర్బంధ ప్రదర్శనే ప్రధాన కారణం. దాని ప్రభావం ‘వార్తాచిత్రం’ అన్న తెలుగు పదంమీద సైతం పడింది. డాక్యుమెంటరీకీ న్యూస్‌రీలుకూ మధ్య ఉండవలసిన భేదం ఆ పదంలో చాలాకాలం కనిపించలేదు.

1952 జనవరిలో బొంబాయిలో మొదలై ఇతర నగరాలకు సాగిన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవాన్ని నిర్వహించింది ఫిల్మ్స్ డివిజనే. కొత్త సినిమాటోగ్రాఫ్ చట్టం వచ్చింది కూడా ఆ సంవత్సరమే. ఆ చట్టం ప్రకారం బహిరంగంగా ప్రదర్శించే ఏ చిత్రానికైనా సర్టిఫికెట్ తప్పనిసరి. దేశ భద్రత, విదేశాలతో స్నేహసంబంధాలు, ప్రజాశాంతి, మర్యాద, నైతికత, పరువునష్టం, కోర్టు ధిక్కారం, నేరప్రేరణ అనే కారణాలపై సర్టిఫికెట్ నిరాకరించవచ్చు. ఇదే చట్టంలోని తొమ్మిదవ సెక్షను ఏ చిత్రాన్నయినా, ఏ తరగతి చిత్రాలనయినా ఈ నిబంధనలనుంచి మినహాయించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. చిత్రోత్సవాలకు ఊపిరి పోసింది ఈ సెక్షనే. ఊపిరి బిగించే వీలు కల్పించిందీ అదే. మినహాయింపు దయగా ఇచ్చేదే తప్ప హక్కుగా పొందేది కాదన్న స్వభావం దానికి మొదటినుంచీ ఉంది.

1990లో ఫిల్మ్స్ డివిజన్ బొంబాయిలో డాక్యుమెంటరీ, లఘు, యానిమేషన్ చిత్రాలకు ప్రత్యేకంగా ఒక అంతర్జాతీయ ఉత్సవాన్ని ప్రారంభించింది. రెండేళ్లకొకసారి జరిగే ఈ ఉత్సవమే తరువాతి కాలంలో ‘మిఫ్’గా ప్రసిద్ధమైంది. ఒక ఏడాది ముందు, 1989లో, జపాను ఈశాన్య ప్రాంతంలోని యమగత నగరం తన అంతర్జాతీయ డాక్యుమెంటరీ ఉత్సవాన్ని మొదలుపెట్టింది. అదీ రెండేళ్లకొకసారి జరిగేదే. ఆసియాలో డాక్యుమెంటరీకి దాదాపు ఒకే సమయంలో లభించిన ఈ రెండు వేదికల మధ్య ఒక మౌలికమైన భేదం ఉంది. యమగతలో నిర్వాహకుడు ఒక పురపాలక సంస్థ. దాని పుట్టుకకు తోడ్పడినవారిలో ఒగావా షిన్‌సుకే వంటి స్వతంత్ర దర్శకుడు ఉన్నాడు. బొంబాయిలో నిర్వాహకుడు కేంద్ర మంత్రిత్వశాఖకు చెందిన విభాగం. ఆ విభాగం డాక్యుమెంటరీల నిర్మాత కూడా. సెన్సారు బోర్డు ఉన్నది అదే మంత్రిత్వశాఖ నీడలో.

అయినప్పటికీ మిఫ్ తొలి పన్నెండేళ్ల చరిత్రను ఈ కారణంగా తోసిపుచ్చడం న్యాయం కాదు. ఆ కాలంలో భారతీయ చిత్రాలనుంచీ సెన్సారు సర్టిఫికెట్ కోరలేదు. ప్రభుత్వం నడిపే వేదికమీద ప్రభుత్వాన్ని ప్రశ్నించే చిత్రాలు కనిపించాయి, బహుమతులు కూడా పొందాయి. ఆ గడి ఖాళీగా ఉండటమే ఉత్సవానికి విశ్వసనీయతను తెచ్చింది.

అబ్బాస్ వేసిన ప్రశ్న

సర్టిఫికెట్ గడికి న్యాయపరమైన బలం ఒక డాక్యుమెంటరీ మూలంగానే సమకూరడం చరిత్రలోని విచిత్రాల్లో ఒకటి. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ 1968లో ‘చార్ షహర్ ఏక్ కహానీ’ అనే లఘుచిత్రం తీశాడు. కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీ నగరాల్లోని సంపన్నుల జీవితాన్నీ శ్రామికుల జీవితాన్నీ పక్కపక్కన నిలిపి చూపిన చిత్రమిది. బొంబాయి వేశ్యావాటికకు సంబంధించిన దృశ్యం కొంత అందులో ఉంది. సెన్సారు దీనికి పెద్దలకు మాత్రమే అనే సర్టిఫికెట్ ఇచ్చింది. అందరూ చూడదగిన సర్టిఫికెట్ కావాలంటే కోతలు అంగీకరించాలన్నది. అబ్బాస్ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. విచారణ సాగుతుండగా ప్రభుత్వం వెనక్కు తగ్గి, కోతలు లేకుండానే అతను కోరిన సర్టిఫికెట్ ఇవ్వడానికి ఒప్పుకుంది.

సామాన్యంగా అక్కడితో కేసు ముగియవలసింది. తన చిత్రం గెలిచినా సూత్రం గెలవలేదని భావించిన అబ్బాస్, పిటిషన్‌ను సవరించుకుని ముందస్తు సెన్సారునే సవాలు చేశాడు. 1970లో ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా వెలువరించిన తీర్పు ముందస్తు సెన్సారు రాజ్యాంగబద్ధమేనని తేల్చింది. చలనచిత్రం ఇతర కళలకన్నా గాఢంగా భావోద్వేగాలను కదిలించగలదన్నది ఆ తీర్పుకు ఆధారమైన వాదాల్లో ఒకటి. కళనూ సామాజిక విలువనూ కాపాడే దృష్టితో ప్రమాణాలు మరింత స్పష్టంగా ఉండాలని కూడా కోర్టు సూచించింది. అయితే తరువాతి కాలంలో అధికారులకు పనికివచ్చింది మొదటి భాగమే. పత్రికలో ఒక వ్యాసం రాయడానికి ముందస్తు అనుమతి అక్కరలేదు, అదే విషయాన్ని కెమెరాతో చెప్పడానికి అక్కర ఉంది అన్న భేదం ఇక్కడ చట్టబద్ధంగా స్థిరపడింది. డాక్యుమెంటరీ స్వభావరీత్యా పత్రికారచనకు దగ్గర, చట్టంరీత్యా కథాచిత్రానికి దగ్గర. దాని ఇబ్బందులన్నీ ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే పుట్టాయి.

2002 నుంచి 2004 వరకు

ఆనంద్ పట్వర్ధన్ చిత్రాల చరిత్ర ఈ ఖాళీకి చక్కని నిదర్శనం. ఆయన తొలి చిత్రం ‘క్రాంతి కీ తరంగే’ బీహారు ఉద్యమంమీద తీసినది. అత్యవసర పరిస్థితి కాలంలో దాని ప్రతిని ముక్కలు ముక్కలుగా దేశం దాటించి, విదేశంలో మళ్లీ కూర్చవలసివచ్చింది. ‘సమర్పణ’ అనే మాట అక్కడ అక్షరాలా దొంగరవాణాగా మారింది. ఆయనదే ‘జంగ్ ఔర్ అమన్’ 1998 అణుపరీక్షల అనంతర భారతదేశాన్ని, పాకిస్తాన్‌ను, హిరోషిమా జ్ఞాపకాలను కలిపి చూసిన సుదీర్ఘ చిత్రం. గాంధీ హత్యతో మొదలవుతుంది. 2002లో మిఫ్‌లో ప్రదర్శితమై బహుమతి పొందింది. ప్రభుత్వ ఉత్సవం బహుమతి ఇచ్చిన ఆ చిత్రాన్నే సాధారణ ప్రదర్శనకోసం సెన్సారుకు పంపినప్పుడు బోర్డు కోతలు విధించింది. దర్శకుడు కోర్టును ఆశ్రయించగా 2003లో బొంబాయి హైకోర్టు కోతలు లేకుండా ప్రదర్శించడానికి అనుమతి ఇచ్చింది.

ఒకే చిత్రాన్ని ఒకే మంత్రిత్వశాఖ పరిధిలోని రెండు సంస్థలు రెండు విధాలుగా చూడటం అధికార యంత్రాంగానికి ఇబ్బందికరమైన విషయమే. ఆ మరుసటి ఉత్సవానికి, అంటే 2004 మిఫ్‌కు, ప్రవేశపత్రాలు ఆహ్వానించిన సమయంలో సెన్సారు సర్టిఫికెట్ నిబంధన ప్రత్యక్షం కావడాన్ని ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి. 2002 గుజరాత్ హింసమీద స్వతంత్ర దర్శకులు తీస్తున్న చిత్రాలు ఒకటొకటిగా పూర్తవుతున్న సమయం కూడా అదే.

నిబంధన ఆచరణలో ఏమి చేస్తుందో ఇక్కడ కొంచెం వివరంగా చూడవలసి ఉంది. డాక్యుమెంటరీ ఎడిటింగు చాలాసార్లు ఉత్సవపు గడువుతో పోటీపడుతూ సాగుతుంది. ఎంపిక సంఘానికి వెళ్లే ప్రతి తుదిప్రతి కాకపోవచ్చు. ధ్వని మిశ్రమం మిగిలి ఉండవచ్చు, సబ్‌టైటిళ్లు తాత్కాలికమైనవి కావచ్చు, చివరి నిమిషంలో ఒక వ్యక్తి మాట తీసివేయవలసిరావచ్చు. సర్టిఫికెట్ మాత్రం పూర్తయిన చిత్రానికే ఇస్తారు. ఇచ్చిన తరువాత చేసే ప్రతి మార్పునూ మళ్లీ బోర్డుకు తెలపాలి. అంటే, ఎంపిక అవుతుందో లేదో తెలియని ఒక ఉత్సవానికి కేవలం దరఖాస్తు పెట్టుకోవడానికి, చిత్రం తయారీని ముందే ముగించి, రుసుము కట్టి, పరిశీలన సంఘం ముందు నిలబడి, కోతలు వస్తే వాటితో పోరాడి, ఆ తరువాత గడి నింపాలి. ఏ చిత్రాన్నీ నిషేధించనక్కరలేకుండానే చాలా చిత్రాలను గడువు దాటించగల ఏర్పాటు అది. నిషేధానికి ఉత్తర్వు కావాలి, దాన్ని కోర్టులో ప్రశ్నించవచ్చు. గడువు దాటిన దరఖాస్తును ఏ కోర్టూ విచారించదు.

వందలాది దర్శకులు సంఘటితమై సెన్సారు వ్యతిరేక ఉద్యమం చేపట్టారు. విదేశీ చిత్రాలకు లేని నిబంధన స్వదేశీ చిత్రాలకు ఎందుకన్నది వారి ప్రధాన ప్రశ్న. నిబంధనను ఉపసంహరించుకోక తప్పలేదు. కానీ ఎంపికల జాబితా వెలువడినప్పుడు మతహింస, కులం, అభివృద్ధి వంటి విషయాలమీద తీసిన ముఖ్యమైన భారతీయ చిత్రాలు పలు చోటు కోల్పోయాయి. గుజరాత్ మీద రాకేశ్ శర్మ తీసిన ‘ఫైనల్ సొల్యూషన్’ వాటిలో ఒకటి. గడి తొలగింది గాని గడి చేయవలసిన పని ఎంపిక ద్వారా జరిగిందని దర్శకులు ఆరోపించారు. ఎంపిక సంఘాల నిర్ణయాలను కళాప్రమాణాల పేరుతో సమర్థించడం ఎప్పుడూ సాధ్యమే కనుక ఈ ఆరోపణను పత్రాలతో నిరూపించడం కష్టం. అయితే మిఫ్ తిరస్కరించిన ‘ఫైనల్ సొల్యూషన్’ ఆ ఫిబ్రవరిలోనే బెర్లిన్ ఉత్సవంలో ప్రదర్శితమై వోల్ఫ్‌గాంగ్ స్టౌట బహుమతి అందుకుంది. కళాప్రమాణాల వాదానికి ఇది బలం చేకూర్చే సంగతి కాదు.

2004 ఫిబ్రవరిలో, మిఫ్ జరుగుతున్న రోజుల్లోనే, దానికి సమీపంలో ప్రభాదేవిలోని భూపేశ్ గుప్తా భవన్‌లో దర్శకులు ‘వికల్ప్: ఫిల్మ్స్ ఫర్ ఫ్రీడమ్’ పేరుతో సమాంతర ప్రదర్శనలు ఏర్పాటు చేశారు. మిఫ్‌కు ఎంపికైన తమ చిత్రాలను వెనక్కు తీసుకుని ఇక్కడ ప్రదర్శించినవారూ ఉన్నారు. భారతీయ డాక్యుమెంటరీ చరిత్రలో కృతిభర్తను మార్చుకున్న ఘట్టంగా దీన్ని పేర్కొనవచ్చు. ‘ఫైనల్ సొల్యూషన్’కు ఆ ఏడాదే సెన్సారు బోర్డు సర్టిఫికెట్ నిరాకరించింది. అక్టోబరులో కోతలు లేకుండానే ఇచ్చింది. ఈ లోపల దర్శకుడు ఎదురుచూస్తూ కూర్చోలేదు, చిత్రం డిస్కులను పంచి, అందుకున్నవారిని మరికొన్ని ప్రతులు తీసి పంచమని కోరాడు. ఉత్సవమూ సర్టిఫికెట్టూ రెండూ లేని మూడో దారి అలా ఏర్పడింది.

హైదరాబాదు చిత్రం ఎక్కడ కనబడింది?

ఈ చరిత్ర తెలుగు నేలకు దూరపుది కాదు. 1984లో హైదరాబాదు పాతనగరంలో జరిగిన మతహింసమీద దీపా ధన్‌రాజ్ 1986లో ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ అనే చిత్రం తీసింది. నగరంలో ఆనాటి హిందూ, ముస్లిం రాజకీయాలను, ఊరేగింపులను, కర్ఫ్యూ రోజుల బస్తీ జీవితాన్ని నమోదు చేసిన అరుదైన ఆధారం అది. ఈ చిత్రం తరువాతి తరానికి తిరిగి అందింది బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ ‘లివింగ్ ఆర్కైవ్’ పథకం కింద దాన్ని డిజిటల్ రూపంలో పునరుద్ధరించడం వల్ల. చార్మినారు చుట్టుపక్కల తీసిన రీళ్లకు రక్షణ బెర్లిన్ నగరంలో దొరికింది. హైదరాబాదు చరిత్ర రాసేవారికి ఇది ఉపకారమే, చిన్నతనమూ అనిపించక తప్పదు.

2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం, ఆ తరువాత సాగిన ఉద్యమం పలు డాక్యుమెంటరీలకు వస్తువయ్యాయి. వాటిలో పి. ఎన్. రామచంద్ర తీసిన ‘ది అన్‌బేరబుల్ బీయింగ్ ఆఫ్ లైట్‌నెస్’ 2017 జూన్‌లో తిరువనంతపురంలో జరగవలసిన కేరళ అంతర్జాతీయ డాక్యుమెంటరీ, లఘుచిత్రోత్సవానికి ఎంపికైంది. ఈ ఉత్సవాన్ని నిర్వహించేది కేరళ రాష్ట్ర చలనచిత్ర అకాడమీ. అయినప్పటికీ సర్టిఫికెట్ లేని చిత్రాలకు మినహాయింపు ఇవ్వవలసింది కేంద్ర మంత్రిత్వశాఖే. మంత్రిత్వశాఖ 2006లో రూపొందించిన మార్గదర్శకాల ప్రకారం నిర్వాహకులు చిత్రాల జాబితానూ కథాసంగ్రహాలనూ పంపాలి. ప్రదర్శన ప్రతినిధులకు మాత్రమే పరిమితం కావాలి. ఆ ఏడాది పంపిన జాబితాలో మూడు చిత్రాలకు మినహాయింపు దక్కలేదు. ఒకటి రోహిత్ వేముల ఉదంతంమీద, ఒకటి కాశ్మీరు కళాకారులమీద, ఒకటి ఢిల్లీలోని జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ విద్యార్థి ఉద్యమంమీద తీసినవి.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉంది. మినహాయింపు కోసం వెళ్లేది ప్రధానంగా కథాసంగ్రహం. అంటే ప్రవేశపత్రంలో దర్శకుడు తన చిత్రాన్ని ఎంపిక సంఘానికి పరిచయం చేయడానికి రాసుకున్న నాలుగు వాక్యాలే అధికారి చేతిలో విచారణ పత్రంగా మారుతాయి. ఎంపిక సంఘాన్ని ఆకర్షించాలంటే విషయాన్ని సూటిగా చెప్పాలి. అధికారి కన్ను తప్పించుకోవాలంటే విషయాన్ని చుట్టూ తిప్పి చెప్పాలి. ఈ రెండు అవసరాల మధ్య ఇరుక్కున్న కథాసంగ్రహం ఒక ప్రత్యేకమైన రచనాప్రక్రియగా రూపొందిందనడం అతిశయోక్తి కాదు. ద్వ్యర్థికావ్యాలు రాసిన భాషకు ఈ పరిస్థితి అర్థం కావడం కష్టం కాదు గాని, పింగళి సూరన ఆ విద్యను తన ఇష్టంతో చేపట్టాడు.

పట్వర్ధన్ తరువాతి చిత్రం ‘వివేక్’ హేతువాదుల హత్యలను, వాటితోపాటు రోహిత్ వేముల ఉదంతాన్ని ప్రస్తావించింది. ‘రీజన్’ అన్న పేరుతో 2018లో టొరంటోలో ప్రదర్శితమై, ఆ నవంబరులో ఆమ్‌స్టర్‌డామ్ అంతర్జాతీయ డాక్యుమెంటరీ ఉత్సవంలో ఉత్తమ పూర్తినిడివి డాక్యుమెంటరీగా ఎంపికైంది. 1988లో మొదలైన ఆ ఉత్సవం ప్రపంచంలోని డాక్యుమెంటరీ వేదికల్లో అగ్రగణ్యమైనది. మరుసటి ఏడాది జూన్‌లో అదే చిత్రాన్ని తిరువనంతపురం ఉత్సవంలో చూపడానికి మంత్రిత్వశాఖనుంచి మినహాయింపు రాలేదు. చివరకు కేరళ హైకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ప్రదర్శన జరిగింది. ఈ విధంగా హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలోని దృశ్యాలకు 2017లో తిరువనంతపురంలో తలుపు మూసుకుంది, 2018లో ఆమ్‌స్టర్‌డామ్‌లో గౌరవం దక్కింది, 2019లో మళ్లీ తిరువనంతపురంలో న్యాయస్థానం తలుపు తీయించింది.

విదేశీ ప్రవేశపత్రంలోని గడులు

ఇంతమాత్రాన విదేశీ ఉత్సవాన్ని స్వేచ్ఛకు నెలవుగా భావించడం తొందరపాటవుతుంది. అక్కడ సర్టిఫికెట్ గడి లేదు, వేరే గడులు ఉన్నాయి. ప్రధానమైనది తొలి ప్రదర్శన నియమం. పోటీ విభాగంలో చేరాలంటే చిత్రం ఆ దేశంలోనో, ఆ ఖండంలోనో, ప్రపంచంలోనో మొదటిసారిగా అక్కడే ప్రదర్శితం కావాలని చాలా ఉత్సవాలు కోరుతాయి. దీని పర్యవసానంగా, తెలంగాణ పల్లెలో తీసిన చిత్రాన్ని ఆ పల్లెవారికి చూపడం వాయిదా పడుతుంది. చిత్రంలో కనిపించినవారు చిత్రాన్ని చివర చూస్తారు. రుసుము మరొక గడి. 2000లో మొదలైన వితౌటబాక్స్, 2014లో వచ్చిన ఫిల్మ్‌ఫ్రీవే వంటి జాలవేదికలు ప్రవేశపత్రాన్ని ఒక్క మీటతో వందల ఉత్సవాలకు పంపే వీలు కల్పించాయి. ఫిల్ము డబ్బాలు, కస్టమ్స్ కాగితాలు, టేపుల ఫార్మాట్ల తేడాలు పోయాయి. పంపడం సులభమైనకొద్దీ పంపేవారు పెరిగారు, ప్రతి ఉత్సవానికీ విడివిడిగా కట్టే రుసుములు కలిసి చిన్న దర్శకునికి పెద్ద ఖర్చయ్యాయి. వీటన్నిటినీ మించి, భారతదేశంనుంచి ఎలాంటి చిత్రం రావాలన్న ముందస్తు ఊహ ఒకటి పాశ్చాత్య ఎంపిక సంఘాల్లో ఉంటుంది. అది ఏ గడిలోనూ కనిపించదు కాబట్టి దాన్ని సవాలు చేయడం సెన్సారును సవాలు చేయడంకన్నా కష్టం.

తెలుగు పరిశోధకులకు అన్నిటికన్నా ఆసక్తికరమైనది భాష గడి. అందులో ‘తెలుగు’ అని రాసిన వెంటనే పక్కన ‘ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు’ అని రాయక తప్పదు. ఎంపిక సంఘం చిత్రాన్ని చూసేది ఆ సబ్‌టైటిళ్ల ద్వారానే. తెరమీద ఒకసారికి రెండు పంక్తులు, పంక్తికి నలభైకి మించని అక్షరాలు, కొన్ని సెకన్ల వ్యవధి. ఈ కొలతలో జహీరాబాదు ప్రాంతపు స్త్రీ మాటలోని యాస పోతుంది. ‘అన్నా’ అన్న పిలుపు బంధుత్వమో, గౌరవమో, ఉద్యమ సంబంధమో తేల్చేది గొంతే. సబ్‌టైటిల్లో ఆ పిలుపు చాలాసార్లు ఉండనే ఉండదు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన కమ్యూనిటీ మీడియా ట్రస్టులో దళిత రైతు మహిళలు స్వయంగా కెమెరా పట్టి వరంగల్ ప్రాంతపు బీటీ పత్తి రైతుల కష్టాలమీద వరుసగా చిత్రాలు తీశారు. ఆ చిత్రాల్లో విత్తనం, పురుగు, అప్పు గురించి రైతులు చెప్పిన మాటల్లో వ్యవసాయ పదజాలం సమృద్ధిగా ఉంది. బయటి ప్రపంచానికి వెళ్లిన ఇంగ్లీషు ప్రతుల్లో విషయం చేరింది, పదజాలం చేరలేదు. అమర్ కన్వర్ 2002లో తీసిన ‘ఎ నైట్ ఆఫ్ ప్రాఫెసీ’ మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్, నాగాలాండ్, కాశ్మీర్ ప్రాంతాల నిరసన కవిత్వాన్నీ పాటలనూ ఏరి కూర్చిన చిత్రం. తెలుగు పాట అంతర్జాతీయ వేదికలకు డాక్యుమెంటరీ ద్వారా చేరిన సందర్భాల్లో అది ముఖ్యమైనది. అక్కడ దరువు చెవికి చేరుతుంది, సాహిత్యం కంటికి గద్యంగా చేరుతుంది. ఈ రెండింటి మధ్య దూరాన్ని కొలిచే పని అనువాద అధ్యయనాల పరిధిలోకి ఇంకా రావలసి ఉంది.

ఆ పనికి సామగ్రి లేకపోలేదు. ఎంపికైన చిత్రంతోపాటు ఉత్సవాలు సాధారణంగా ‘డైలాగ్ లిస్టు’ కోరతాయి. చిత్రంలో పలికిన ప్రతి మాటా, అది పలికిన సమయంతో సహా, మూలభాషలోనూ ఇంగ్లీషులోనూ పక్కపక్కన రాసిన పత్రం అది. తెలుగు డాక్యుమెంటరీల విషయంలో ఈ పత్రాలు పాత్రలెవరూ సంభాషణ ముందుగా రాసుకోని, జిల్లాల వారీ వాడుకభాషకు తేదీతో, స్థలంతో, వక్త వివరాలతో కూడిన ఆధారాలు. ప్రస్తుతం ఇవి దర్శకుల హార్డుడిస్కుల్లోనూ, విదేశీ ఉత్సవాల కార్యాలయాల్లోనూ చెదురుమదురుగా ఉన్నాయి. 2022లో ఫిల్మ్స్ డివిజన్ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైన తరువాత ఆ విభాగపు తెలుగు వ్యాఖ్యానాల ప్రతులు కూడా అక్కడికే చేరాయి. సర్టిఫికెట్ కోసం నింపిన దరఖాస్తులు, తిరస్కృతికి గురైన కథాసంగ్రహాలు, దర్శకులు కోర్టులో దాఖలు చేసిన పిటిషన్లు వీటి పక్కన చేరిస్తేనే తెలుగు ప్రాంతపు డాక్యుమెంటరీకి పాఠచరిత్ర రాయడం వీలవుతుంది. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు తాళపత్రాలను సేకరించిన పద్ధతిలోనే ఈ సేకరణ మొదలుపెట్టవచ్చు. రీళ్లు, టేపులు తాళపత్రాలకన్నా త్వరగా పాడవుతాయి కనుక ఇక్కడ వ్యవధి తక్కువ.